ఏయూడీ తర్వాత పరిశోధనలోకి: మెంటర్ పర్యవేక్షణలో ఇచ్చే గ్రాంట్ల గురించి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఏయూడీ, అంటే ఆడియాలజీలో (వినికిడి శాస్త్రంలో) క్లినికల్ డాక్టరేటు, పూర్తయి రెండేళ్లయింది. ఇక్కడ అమెరికాలో ఒక బోధనాసుపత్రి ఈఎన్‌టీ విభాగంలో వారానికి నాలుగున్నర రోజులు పేషెంట్లను చూస్తున్నారు. పీహెచ్‌డీ లేదు. హెచ్‌1బీ మీద ఉన్నారు, గ్రీన్‌కార్డు ఇంకా రాలేదు. వినికిడి యంత్రం తీసుకున్న పెద్దవాళ్లు దాన్ని ఎందుకు సొరుగులో పడేస్తున్నారన్నది మీ ప్రశ్న. మెంటర్ దగ్గర పరిశోధన నేర్చుకోవడానికిచ్చే కె23 లాంటి గ్రాంటుతో దాని మీద పని చెయ్యడం సాధ్యమేనా, అయితే ఎక్కడ మొదలుపెట్టాలి?

సాధ్యమే. నేనూ ఆ దారినే వచ్చాను. ఏయూడీ చేసి, కొన్నేళ్లు క్లినిక్‌లో ఉండి, తర్వాత పీహెచ్‌డీ చేసి, రెండో ప్రయత్నంలో కె23 తెచ్చుకున్నాను. ఇప్పుడు ఇలాంటి దరఖాస్తులు చదివి మార్కులు వేసే ప్యానెళ్లలో అప్పుడప్పుడూ కూర్చుంటాను. మీ ఉత్తరంలో నాకు ముందుగా కనిపించింది ఒకటే. ప్రాజెక్టు గురించి మీరు ఒక పేరా నిండా రాశారు. మీ పక్కన నిలబడి నేర్పేదెవరో ఒక్క వాక్యం కూడా రాయలేదు. నేను చెప్పేదంతా ఆ ఖాళీ గురించే.

ముందు ఈ డబ్బు దేనికిస్తారో చూద్దాం. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ ఇచ్చే మామూలు పరిశోధన గ్రాంటు ఒక ప్రాజెక్టును కొంటుంది. కె వరసలోని గ్రాంట్లు మనిషి సమయాన్ని కొంటాయి. కె23 అంటే పేషెంట్లతో నేరుగా చేసే పరిశోధనలో ఒక క్లినీషియన్‌కు మెంటర్ చేతికింద మూడు నుంచి ఐదేళ్ల శిక్షణ. అది వచ్చాక మీ పనివేళల్లో కనీసం 75 శాతం పరిశోధనకూ, పరిశోధన నేర్చుకోవడానికీ పోవాలి. ఏడాదికి పన్నెండు నెలలు అనుకుంటే తొమ్మిది నెలలన్నమాట. గ్రాంటులో పెద్ద వాటా మీ జీతానికే పోతుంది. ప్రయోగాలకు మిగిలేది తక్కువ. మెంటర్‌కు జీతం ఇందులోంచి ఇవ్వకూడదు. సంస్థకు పరోక్ష ఖర్చుల కింద దక్కేది 8 శాతమే, మామూలు గ్రాంట్ల మీద విశ్వవిద్యాలయాలు తీసుకునేదానితో పోలిస్తే అది నామమాత్రం. పైగా మీరు క్లినిక్‌లో లేని ఆ మూడొంతుల సమయానికి ఇన్నాళ్లూ వస్తున్న బిల్లింగు కూడా ఆగిపోతుంది. అంటే ఈ గ్రాంటు వల్ల మీ విభాగానికి లెక్కల్లో లాభం లేదు. అయినా మీకోసం భరిస్తామని వాళ్లు ముందుకు రావాలి. మెంటరూ అంతే, పైసా రాకపోయినా ఐదేళ్లు మీకు సమయం ఇస్తాననాలి. దరఖాస్తులో కష్టమైన భాగం ఇదే. సైన్సు తర్వాతి సంగతి.

పీహెచ్‌డీ లేకుండా కుదురుతుందా అన్నారు. నిబంధన అడ్డురాదు. కె23కి, ప్రయోగశాల వైపు మొగ్గే కె08కి క్లినికల్ డాక్టరేట్ కావాలి. ఆడియాలజీ, స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ, క్లినికల్ సైకాలజీ లాంటి రంగాల్లో డాక్టరేటు ఉన్నవాళ్లనూ ఎన్‌ఐహెచ్ అర్హులుగానే చూస్తుంది. కానీ నిబంధన ఒకటి, ప్యానెల్ మనసులో మెదిలే ప్రశ్న ఒకటి. ఏయూడీ పాఠ్యక్రమం మనల్ని క్లినీషియన్లుగా తయారు చేస్తుంది. 1990లలో ఆ డిగ్రీ మొదలైంది కూడా అందుకే. అందులో పరిశోధన పద్ధతులకు దొరికే చోటు కొద్దిపాటిది. కాబట్టి ఏయూడీ ఒక్కటే ఉన్న అభ్యర్థి దరఖాస్తు చదివే రివ్యూయర్‌కు ఒకే సందేహం వస్తుంది: ఈ మనిషి ఐదేళ్లలో స్వతంత్ర పరిశోధకురాలు కాగలదా, లేక ఈ గ్రాంటుతో పీహెచ్‌డీ మొదటి ఏడాది పాఠాలు నేర్చుకుంటుందా? దానికి జవాబు మీ పేరు ముందున్న పేపర్లే చెప్పాలి. నేను చూసినంతలో ఎక్కువమంది రెండు డిగ్రీలతో వస్తారు. ఏయూడీతోనే వచ్చి గెలిచినవాళ్లు అప్పటికే రెండు మూడేళ్లు ఎవరో ఒకరి ల్యాబులో పనిచేసి, మొదటి రచయితగా పేపర్లు వేసుకున్నవాళ్లు. చాలా వైద్య విశ్వవిద్యాలయాల్లో క్లినికల్ పరిశోధనలో మాస్టర్స్ ఉంటుంది. ఉద్యోగం చేస్తూ అది చదివి వచ్చినవాళ్లనూ చూశాను. మీకు పీహెచ్‌డీ మీద మనసుంటే చెయ్యండి, ఆ సంవత్సరాలు వృథా కావు. గ్రాంటు కోసం మాత్రమే అయితే ముందు ఒక మంచి ల్యాబులో ఏడాది గడిపి నిర్ణయించుకోండి.

ఒక మాట ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే క్లినిక్ నుంచి వచ్చేవాళ్లు తమను తాము తక్కువ చేసుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. 2023లో ద లాన్సెట్‌లో వచ్చిన అచీవ్ ట్రయల్ మీరు చదివే ఉంటారు. 70 నుంచి 84 ఏళ్ల మధ్యవాళ్లు 977 మంది, సగం మందికి వినికిడి చికిత్స, సగం మందికి ఆరోగ్య విద్య, మూడేళ్లలో జ్ఞాపకశక్తి, ఆలోచనా శక్తి ఎలా మారాయో చూడటం. మొత్తం మీద తేడా కనిపించలేదు. ముప్పు ఎక్కువగా ఉన్న ఒక వర్గంలో మాత్రం క్షీణత 48 శాతం తగ్గింది. ఆ ఫలితం గురించి అందరూ మాట్లాడతారు. ఆ వినికిడి చికిత్స ఎలా జరగాలో అడుగడుగునా రాసిపెట్టింది యూనివర్సిటీ ఆఫ్ సౌత్ ఫ్లోరిడాలోని ఆడియాలజిస్టులన్న సంగతి తక్కువమంది గమనిస్తారు. ఎన్నిసార్లు రమ్మనాలి, యంత్రం అమరికను చెవిలో ప్రోబ్ మైక్రోఫోన్‌తో ఎలా సరిచూడాలి, పేషెంటుకు ఏం నేర్పాలి అన్నవి పట్టుగా లేకపోతే ఆ ట్రయల్ ఏ ఫలితానికీ విలువ ఉండేది కాదు. ఆ పట్టు క్లినిక్‌లో గడిపిన చేతులకే ఉంటుంది.

ఇక వీసా. దీన్ని దాచి చెప్పడం వల్ల లాభం లేదు. కె23, కె08, కె01 అన్నిటికీ, పోస్ట్‌డాక్ (డాక్టరేటు తర్వాతి పరిశోధన శిక్షణ) దశలో ఇచ్చే ఎఫ్32కీ అమెరికా పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండాలి. కె గ్రాంట్ల విషయంలో దరఖాస్తు వేసే రోజుకు లేకపోయినా అవార్డు చేతికందే నాటికి ఉంటే చాలు. మీ కార్డు ఏడాదిలో వస్తుందన్న నమ్మకం ఉంటే రాయడం ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. మన దేశంలో పుట్టినవాళ్ల వరుస ఎంత పొడవో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ వరుసలో చాలా దూరంలో ఉంటే కె99/ఆర్00 చూడండి. దానికి పౌరసత్వం అక్కర్లేదు. రెండేళ్ల దాకా మెంటర్ కింద, ఆ తర్వాత ఫ్యాకల్టీ ఉద్యోగం దొరికితే మూడేళ్ల దాకా స్వతంత్రంగా డబ్బు ఇస్తారు. షరతు ఏమిటంటే అప్పటికి మీరు పోస్ట్‌డాక్ దశలో ఉండాలి, పోస్ట్‌డాక్ అనుభవం నాలుగేళ్లకు మించకూడదు. ఆ గడియారం ఎప్పుడు మొదలైందో చాలామంది గమనించుకోరు, గమనించేసరికి అయిపోయి ఉంటుంది. ఆర్ వరసలోని పరిశోధన గ్రాంట్లకు కూడా పౌరసత్వ నిబంధన లేదు. వాటిలో, ఎన్‌ఐహెచ్‌లో వినికిడి రంగం చూసే ఎన్‌ఐడీసీడీకి తొలిదశ పరిశోధకుల కోసమే పెట్టిన ఒక ఆర్21 ఉంది. అయితే అది స్వతంత్ర గ్రాంటు, నేర్పడానికి ఇచ్చేది కాదు.

ఈ ఎన్‌ఐడీసీడీయే మన ఇల్లు. ఎన్‌ఐహెచ్‌లో వినికిడి, బ్యాలెన్స్, రుచి, వాసన, గొంతు, మాట, భాష చూసే సంస్థ, 1988లో ఏర్పడింది. మీ ప్రశ్న వృద్ధాప్యం వైపు ఎక్కువగా మొగ్గితే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆన్ ఏజింగ్ కూడా ఆసక్తి చూపొచ్చు. ఒక్కో సంస్థ జీతానికి ఎంత ఇస్తుంది, ప్రయోగాలకు ఎంత ఇస్తుంది, ఏ కె గ్రాంటును ఎవరికి పరిమితం చేస్తుంది అన్నవి వేరువేరుగా ఉంటాయి, మారుతుంటాయి కూడా. పాత పీడీఎఫ్ చూసి బడ్జెట్ వెయ్యకండి. ఆ ఏటి నోటీసు చదివి, సంస్థలో మీ రంగం చూసే ప్రోగ్రామ్ ఆఫీసర్‌కు ఒక పేజీ సారాంశం పంపి ఫోన్ సమయం అడగండి. వాళ్ల ఉద్యోగంలో అదొక భాగం, మొహమాటపడకండి. నేను మొదటిసారి మొహమాటపడ్డాను. అర్హత గురించి ఐదు నిమిషాల్లో తేలిపోయే సందేహాన్ని నాలుగు నెలలు మోశాను.

ఇప్పుడు మెంటర్ సంగతి. నా మొదటి దరఖాస్తులో మెంటర్‌గా మా రంగంలో చాలా పెద్ద పేరున్న ఒకరిని పెట్టుకున్నాను. ఆయన దయగల మనిషి, అడగగానే సరేనన్నారు. ఏడాదికి మూడుసార్లు కలిశాం. మెంటర్ స్టేట్‌మెంటు రాయమంటే ‘మీరే ఒక డ్రాఫ్టు పంపండి’ అన్నారు. పంపాను, సంతకం పెట్టి ఇచ్చారు. రివ్యూయర్లు పట్టేశారు. అభ్యర్థి స్టేట్‌మెంటులోనూ మెంటర్ స్టేట్‌మెంటులోనూ ఒకే వాక్యాలున్నాయనీ, ఈ అభ్యర్థి బలహీనతలేమిటో మెంటర్‌కు తెలిసినట్టు లేదనీ రాశారు. చదివి రెండు రోజులు మనిషిని కాలేకపోయాను. కానీ వాళ్లు రాసింది అక్షరాలా నిజం.

రెండోసారి ప్రధాన మెంటర్‌గా పెట్టుకున్నావిడ అంత పేరున్నవారు కాదు. మా భవనంలోనే రెండంతస్తుల పైన ఉండేవారు. ఆవిడ దగ్గర నడుస్తున్న గ్రాంటు ఉంది, ఆవిడ చేతికింద తయారైన ఇద్దరు అప్పటికే సొంత గ్రాంట్లు తెచ్చుకున్నారు. ఆ రెండు విషయాలే ప్యానెల్ చూస్తుంది. మెంటర్‌కు స్థిరమైన నిధులున్నాయా, ఇంతకుముందు ఎవరినైనా తయారుచేశారా. ఆవిడ స్టేట్‌మెంటులో నా గణాంకశాస్త్రం బలహీనమని నిర్మొహమాటంగా రాశారు. ఏ కోర్సు ఎప్పుడు చెయ్యాలో, వారంలో ఏ రోజు ఎంతసేపు కూర్చుంటామో, నా డేటా ఎవరి సొంతమో, ఐదేళ్ల తర్వాత నేను ఏ ప్రశ్నను ఆవిడ ల్యాబు నుంచి నాతో తీసుకెళ్తానో అన్నీ రాశారు. ఆ పెద్దాయన కో-మెంటర్‌గా ఉన్నారు, ఏడాదికి మూడుసార్లు కలిసే మనిషికి తగిన పాత్ర అది. మూడో మనిషి మా రంగానికి చెందనివారు, బయోస్టాటిస్టిక్స్ నుంచి వచ్చారు.

మీ విషయంలో ఇది ఎలా ఉంటుందో ఆలోచించండి. ఈఎన్‌టీ విభాగంలో సర్జన్లు ఉంటారు, వాళ్లలో ఎవరో ఒకరు ‘నేను మెంటర్‌గా ఉంటాలే’ అంటారు. ఆ మాటలో ఆప్యాయత ఉంటుంది, కాదనను. కానీ ఆయనకు ఎన్‌ఐహెచ్ నిధుల అనుభవం లేకపోతే, మీ పద్ధతులు ఆయనకు తెలియకపోతే, ప్రధాన మెంటర్‌గా ఆయన పేరు మీకు బరువవుతుంది. మీ ప్రశ్న ప్రవర్తనకు సంబంధించింది. పబ్లిక్ హెల్త్‌లోనో సైకాలజీలోనో జెరియాట్రిక్స్‌లోనో, మందులు వేసుకోకపోవడం గురించీ నడక సాయాలు వాడకపోవడం గురించీ పనిచేసేవాళ్లు మీ క్యాంపస్‌లోనే ఉండొచ్చు. వాళ్లకు చెవి గురించి తెలియకపోవచ్చు. ఫరవాలేదు, అది మీకు తెలుసు. అదే విశ్వవిద్యాలయంలో కె23 తెచ్చుకున్నవాళ్ల మెంటర్లెవరో ఎన్‌ఐహెచ్ రిపోర్టర్ అనే ఉచిత వెబ్‌సైటులో వెతికితే దొరుకుతుంది. గ్రాంటు రకం, సంస్థ పేరు ఎంచుకుంటే ఎవరికి ఎప్పుడు దేనికి ఇచ్చారో సారాంశంతో సహా వస్తుంది. ఎన్‌ఐడీసీడీ కె23ల జాబితా ఒక సాయంత్రం కూర్చుని చదవండి. మీలాంటి చదువుతో ఎవరు గెలిచారో చూసి వాళ్లకు ఉత్తరం రాయండి. తమ దరఖాస్తు పంపినవాళ్లను నేను చాలామందినే చూశాను, ఈ రంగం చిన్నది, మనుషులు మంచివాళ్లు.

మెంటర్ కుదిరాక అసలు రాత. కొత్తవాళ్లు అందరూ పొరపడే చోటు ఇదే: తమకు అన్నీ వచ్చునని చూపించబోతారు. అన్నీ వస్తే శిక్షణ గ్రాంటెందుకు? మరీ ఏమీ రాదన్నట్టు రాసినా నమ్మరు. మీకు రానిదేదో, అది రాకపోవడం వల్ల మీ ప్రశ్న ఎక్కడ ఆగిపోయిందో, అది నేర్చుకుంటే ఏ అధ్యయనం చెయ్యగలరో ఈ మూడూ ఒకే తాడుగా పేనాలి.

మీ ఆలోచననే తీసుకుందాం. పేషెంటు ‘రోజంతా పెట్టుకుంటున్నానమ్మా’ అంటాడు. యంత్రంలోని డేటా లాగింగ్ (ఎంతసేపు వాడారో యంత్రమే రాసుకునే లెక్క) చూస్తే రోజుకు రెండు గంటలుంటుంది. ఇది మనందరికీ తెలిసిన సంగతే. క్లినిక్‌లో చూసి వదిలేస్తాం. పరిశోధకురాలిగా మీరు అడగాల్సింది, ఆ తీసేసే క్షణంలో ఏం జరుగుతోంది? గోలగా ఉందా, ఇంట్లో మాట్లాడేవాళ్లే లేరా, వేళ్లతో బ్యాటరీ తలుపు తెరవలేకపోయారా? ఆరు నెలల తర్వాత ప్రశ్నపత్రం ఇస్తే ఆ క్షణం గుర్తుండదు. ఫోనులో రోజుకు నాలుగైదుసార్లు చిన్న ప్రశ్న పంపి, అప్పటికప్పుడు జవాబు తీసుకునే పద్ధతి ఉంది. అది మీకు రాదు. అలా వచ్చిన డేటాలో ఒకే మనిషివి వందలాది జవాబులుంటాయి, అవి ఒకదానికొకటి సంబంధం లేనివి కావు, మామూలు టీ-టెస్టు అక్కడ పనికిరాదు. వాటికి వాడే మిక్స్‌డ్ మోడళ్లు కూడా మీకు రావు. పేషెంటుతో లోతుగా మాట్లాడి, ఆ మాటల్ని క్రమపద్ధతిలో విశ్లేషించడమూ రాదు. ఇప్పుడు మీ దగ్గర మూడు శిక్షణ లక్ష్యాలున్నాయి, మూడూ ప్రశ్నలోంచే పుట్టాయి. మొదటి ఎయిమ్ (అధ్యయన లక్ష్యం) మీ ఆసుపత్రిలో ఉన్న పాత డేటా లాగింగ్ రికార్డులతో, మిక్స్‌డ్ మోడళ్లు నేర్చుకుంటూ. రెండోది ఫోను పద్ధతితో కొత్తగా యంత్రం తీసుకున్నవాళ్ల మీద. మూడోది ఈ రెంటిలో తేలినదాన్ని బట్టి ఒక చిన్న కౌన్సెలింగ్ పద్ధతి తయారుచేసి, అది చెయ్యదగ్గదేనా, జనం ఒప్పుకుంటారా అని చూడటం.

మూడో ఎయిమ్‌లో ‘పని చేస్తుందని నిరూపిస్తాను’ అని రాయకండి. ముప్పైమందితో అది నిరూపణ కాదు, రివ్యూయర్ అక్కడే పెన్ను పెడతాడు. ఎంతమంది ఒప్పుకున్నారు, ఎంతమంది చివరిదాకా ఉన్నారు, ఎక్కడ ఆగారు అన్నవి చాలు. ఆ అంకెల మీదే తర్వాత పెద్ద గ్రాంటు నిలబడుతుంది. ఒక ఎయిమ్ తప్పితే మిగతా రెండూ కూలిపోయేలా ఉండకూడదన్నది కూడా చూసుకోండి. మొదటి ఎయిమ్ ఫలితం రాకపోతే రెండోది మొదలే కాదన్నట్టు రాసిన దరఖాస్తులు ఎన్నో చదివాను.

ఇక్కడే ఒక గొయ్యి ఉంది, ఆడియాలజిస్టులు ప్రత్యేకంగా పడేది. ఎన్‌ఐహెచ్ లెక్కలో క్లినికల్ ట్రయల్ అంటే మందుల ప్రయోగమొక్కటే కాదు. మనుషుల్ని ముందుగా ఏదో ఒక జోక్యానికి కేటాయించి, ఆరోగ్యం మీదో ప్రవర్తన మీదో దాని ప్రభావం చూస్తే అది ట్రయలే. కంపారిజన్ గ్రూపు లేకపోయినా, ఇరవైమందే అయినా ట్రయలే. వినికిడి యంత్రంలో రెండు సెట్టింగులు మార్చి మాట ఎంత అర్థమైందో చూసే మామూలు ప్రయోగం కూడా ఈ నిర్వచనంలోకి రావచ్చు. మీరు దరఖాస్తు వేసే గ్రాంటు నోటీసు ట్రయల్‌ను ఒప్పుకోకపోతే దరఖాస్తు చదవకుండానే తిరిగొస్తుంది. మీ మూడో ఎయిమ్ దాదాపు ఖాయంగా ట్రయలే. ఇది మీరు ఊహించుకోకుండా ప్రోగ్రామ్ ఆఫీసర్‌ను అడిగి, ఆ జవాబును ఈమెయిల్‌లో దగ్గర పెట్టుకోండి.

సంస్థ ఇచ్చే ఉత్తరం గురించి. నా మొదటి ఉద్యోగంలో మా విభాగాధిపతి అరచేతిలో వైకుంఠం చూపించారు. మూడొంతుల సమయం పరిశోధనకే అన్నారు. చేరాక ఒక ఆడియాలజిస్టు మానేశారు, ‘ఈ ఒక్క నెల’ అని నాకు రెండు రోజుల క్లినిక్ వేశారు. ఆ నెల పద్నాలుగు నెలలైంది. నోటి మాట తప్ప నా చేతిలో కాగితం లేదు. వాళ్ల మీద నాకిప్పుడు కోపం లేదు, బయట పేషెంట్లు నెలల తరబడి ఎదురుచూస్తుంటే ఏ విభాగమైనా అదే చేస్తుంది. అందుకే కాగితం కావాలి. కె దరఖాస్తుకు ఒక పేజీ ఉత్తరం తప్పనిసరి. అందులో ‘శాయశక్తులా ప్రయత్నిస్తాం’ అని ఉంటే రివ్యూయర్లు దాన్ని లేదనే చదువుతారు. 75 శాతం సమయం కాపాడతామని, క్లినిక్ వారానికి ఇన్ని గంటలు దాటదని, గది, పరికరాలు, సౌండ్ బూత్ వాడుకునే హక్కు ఇవి అని, ఈ గ్రాంటు వచ్చినా రాకపోయినా మీ ఉద్యోగం ఉంటుందని స్పష్టంగా ఉండాలి. చివరిదే అందరూ మరిచిపోతారు. గ్రాంటు వస్తేనే ఉద్యోగం అన్నట్టుంటే ఆ సంస్థకు మీ మీద నమ్మకం లేదని అర్థం. ఎన్‌ఐహెచ్ ఇచ్చే జీతం ఆడియాలజిస్టు అసలు జీతం కన్నా తక్కువైతే తేడాను ఎవరు భరిస్తారో కూడా ముందే తేల్చుకోండి. ఫెడరల్ కాని సొమ్ముతో సంస్థ ఆ తేడాను పూడ్చొచ్చు.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. మీ నేపథ్యం, శిక్షణ ప్రణాళిక, పరిశోధన ప్రణాళిక అన్నీ కలిపి పన్నెండు పేజీలు. స్పెసిఫిక్ ఎయిమ్స్‌కు విడిగా ఒక పేజీ. మెంటర్లందరి స్టేట్‌మెంట్లు కలిపి ఆరు పేజీలు. పరిశోధన నైతికతలో శిక్షణ గురించి ఒక పేజీ. సిఫారసు ఉత్తరాలు కనీసం మూడు, ఐదుకు మించకుండా. అవి మెంటర్ల దగ్గర్నుంచి రాకూడదు, రాసేవాళ్లే గడువులోగా నేరుగా అప్‌లోడ్ చెయ్యాలి. మూడో ఉత్తరం సమయానికి రాక ఆగిపోయిన దరఖాస్తులున్నాయి, ఐదుగురిని అడగండి. కొత్త దరఖాస్తులకు మామూలు గడువులు ఫిబ్రవరి 12, జూన్ 12, అక్టోబర్ 12. సవరించి మళ్లీ వేసేవాటికి మార్చి, జులై, నవంబర్‌లలో అదే తేదీ. మీ విశ్వవిద్యాలయం గ్రాంట్ల ఆఫీసు అంతకు ముందే అడుగుతుంది. గడువు నుంచి వెనక్కి ఏడాది లెక్కేసుకోండి.

మార్కులు 10 నుంచి 90 దాకా ఉంటాయి, తక్కువ వస్తే మంచిది. అభ్యర్థి, శిక్షణ ప్రణాళిక, పరిశోధన ప్రణాళిక, మెంటర్లు, సంస్థ వాతావరణం అనే ఐదింటికీ విడివిడిగా స్కోరు వేస్తారు. ఐదింట్లో సైన్సు ఒకటే ఉందని గమనించండి. మొదటిసారి నా దరఖాస్తు చర్చకే రాలేదు. వ్యాఖ్యలు వచ్చిన వారం జవాబు రాయడం మొదలుపెట్టకండి. నెల తర్వాత మెంటర్‌తో కూర్చుని, ప్రతి విమర్శనూ ఐదింట్లో ఏ గడిలోదో వేసి చూడండి. నాకు మెంటర్ గడిలోనే సగం ఉన్నాయి, అందుకే ఎయిమ్స్ పెద్దగా మార్చకుండా మెంటర్లను మార్చాను. సవరించి మళ్లీ వెయ్యడానికి 37 నెలల వ్యవధి ఉంటుంది, అవకాశం ఒక్కటే.

మీరిప్పుడున్న చోటి నుంచి నేరుగా కె23కి దూకకండి. మధ్యలో చిన్న మెట్లున్నాయి. హియరింగ్ హెల్త్ ఫౌండేషన్, 1958 నుంచి ఉన్నది, ఎమర్జింగ్ రీసెర్చ్ గ్రాంట్స్ పేరుతో తొలిదశవాళ్లకు విత్తన నిధులిస్తుంది. అమెరికన్ స్పీచ్-లాంగ్వేజ్-హియరింగ్ ఫౌండేషన్‌కు కొత్త పరిశోధకుల గ్రాంటు ఉంది. అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆడియాలజీ వైపు నుంచీ కొత్తవాళ్లకు చిన్న గ్రాంట్లుంటాయి. వీటికి వీసా నిబంధనలు సంస్థకో రకం, దరఖాస్తుకు ముందే అడగండి. డబ్బు కొంచెమే. కానీ ఒక చిన్న గ్రాంటు, దానిమీద ఒక పేపరు ఉంటే ‘ఈ మనిషి మొదలుపెట్టింది పూర్తి చేస్తుంది’ అని ప్యానెల్‌కు కనిపిస్తుంది. అమెరికన్ స్పీచ్-లాంగ్వేజ్-హియరింగ్ అసోసియేషన్ (ఆషా) నడిపే లెసన్స్ ఫర్ సక్సెస్ అనే శిక్షణా సమావేశం మన రంగంలో గ్రాంటు రాయడం నేర్పడానికే ఉంది. నేను రెండోసారి వేసే ముందు అలాంటి సమావేశంలో నా ఎయిమ్స్ పేజీని పరాయివాళ్లు చీల్చి చెండాడారు, అక్కడే అది బాగుపడింది. మీ విశ్వవిద్యాలయానికి సీటీఎస్ఏ కేంద్రం (ఎన్‌ఐహెచ్ డబ్బుతో నడిచే క్లినికల్ పరిశోధన కేంద్రం) ఉంటే, దాని కింద కె12 (ఇదివరకు కేఎల్2) అనే సంస్థాగత శిక్షణ గ్రాంటు ఉండే అవకాశం ఉంది. పోటీ మీ క్యాంపస్ లోపలే జరుగుతుంది, అక్కడ ఆడియాలజిస్టు అరుదుగా కనబడతారు కాబట్టి మీరు గుర్తుండిపోతారు. దానికీ గ్రీన్‌కార్డు కావాలి.

గ్రీన్‌కార్డు వచ్చాక ఇంకొకటి, మీ ఏయూడీ అప్పులు ఇంకా ఉంటే. ఎన్‌ఐహెచ్ లోన్ రిపేమెంట్ ప్రోగ్రామ్ వారానికి కనీసం ఇరవై గంటలు పరిశోధన చేసేవాళ్ల విద్యా రుణాన్ని ఏడాదికి 50,000 డాలర్ల దాకా, మొదట రెండేళ్లపాటు తీరుస్తుంది. అప్పు మీ జీతంలో కనీసం 20 శాతం ఉండాలి. కె23 ఉండక్కర్లేదు. పౌరసత్వం వచ్చిన తర్వాతైతే వెటరన్స్ అఫైర్స్‌ను మరవకండి. మాజీ సైనికుల్లో సర్వీసు వల్ల వచ్చిన వైకల్యాల్లో చెవిలో హోరు, వినికిడి లోపం ఎన్నో ఏళ్లుగా పై వరుసలో ఉన్నాయి. అందుకే అక్కడ ఆడియాలజీ పరిశోధనకు సొంత స్థానం ఉంది, పోర్ట్‌లాండ్‌లో 1997 నుంచి దానికో జాతీయ కేంద్రం ఉంది. క్లినిక్ చేస్తూనే పరిశోధన నేర్చుకునేవాళ్లకు వాళ్ల సొంత కెరీర్ డెవలప్‌మెంట్ అవార్డులున్నాయి.

మీరు ఈ నెలలో చెయ్యాల్సింది రాత కాదు. మీ ఆసుపత్రిలో డేటా లాగింగ్ రికార్డులు ఎన్నేళ్లవి ఉన్నాయో, వాటిని పరిశోధనకు వాడటానికి ఐఆర్‌బీ (పరిశోధన నైతికతను పరిశీలించే కమిటీ) అనుమతి ఎవరు తీసుకోవాలో కనుక్కోండి. క్యాంపస్‌లో ముగ్గురి పేర్లు రాసుకుని, ఒక్కొక్కరినీ అరగంట అడగండి. వాళ్లను మెంటర్‌గా ఉండమని మొదటి కలయికలో అడగకండి, మీ సొరుగు ప్రశ్న చెప్పి వాళ్లయితే దాన్ని ఎలా కొలుస్తారో అడగండి. ఎవరు కుర్చీలో ముందుకు వంగి ఎదురు ప్రశ్నలు వేస్తారో చూడండి. తర్వాత ఆ మనిషితో కలిసి రాసిన ఒక్క పేజీ ఎయిమ్స్ నాకు పంపండి, ఎర్ర సిరాతో తిరిగి పంపుతాను.